టై కట్టిన కోనసీమ

రోహిణి కార్తెలో రాజమహేంద్రవరం వీధుల్లో టై కట్టుకుని తిరిగేవాళ్లు రెండే రకాలు. మందుల కంపెనీ రిప్రజెంటేటివులు, ఇంటర్వ్యూకి బయల్దేరిన ఇంజనీర్లు. మొదటివాళ్లకి అలవాటే. రెండోవాళ్లకి ముడెయ్యడం రాదు కాబట్టి, తాడితోటలో కొన్న టై మేనమామ వేసిచ్చిన ముడితోనే కంపెనీలన్నీ తిరుగుతుంది.

మాట నేర్పడానికి వేరే మాస్టారుంటాడు. సాఫ్ట్ స్కిల్స్ అంటారు, ఫీజు మాత్రం గట్టిగానే ఉంటుంది. మొదటిరోజు పాఠం ఇది: చేతులు ఊపకూడదు, గొంతు పెంచకూడదు, అడిగిందానికే జవాబు చెప్పాలి, ప్రతి ముక్కకీ ‘అండీ’ తగిలించకూడదు. అంటే మన వైపు మనిషి అసలు మాట్లాడకూడదన్నమాట. అమలాపురం కుర్రాడి చేతులు కట్టేస్తే సగం వ్యాకరణం అక్కడే పోతుంది. మిగతా సగాన్ని ఇంగ్లీషు మింగేస్తుంది.

ఇంటర్వ్యూ సంగతి మనకి ఒకళ్లు చెప్పాలా? రావులపాలెంలో అమలాపురం బస్సెక్కి కూర్చోండి. పక్క సీట్లో పెద్దావిడ ఒళ్లో సంచీ సర్దుకుని “ఏ ఊరు బాబూ?” అంటుంది. కొత్తపేట వచ్చేసరికి మీ ఇంటిపేరు, నాన్నగారి ఉద్యోగం, ఎకరాలెన్ని, అందులో తాకట్టులో ఉన్నవెన్ని, బీటెక్‌లో మిగిలిపోయిన సబ్జెక్టులెన్ని, అన్నీ ఆవిడ సంచీలో చేరిపోతాయి. మీ బలహీనత ఏమిటని ఆవిడ చచ్చినా అడగదు. అంబాజీపేట లోపే కనిపెట్టేస్తుంది. అడిగేది కంపెనీవాళ్లే. “పనిలో పడితే ఇంటికెళ్లడం మర్చిపోతాను సార్” అంటాడు మనవాడు, మాస్టారు నేర్పినట్టే. తొమ్మిదయినా మంచం దిగని కుర్రాడు. వాళ్లు తలూపి రాసుకుంటారు. ఆవిడైతే “ఏదీ, మీ అమ్మ నంబరియ్యి” అనేది.

ఇంగ్లీషు రాకపోతే నోరే లేదనుకునేవాళ్లకి ఒక ముక్క. శ్రీకాకుళం జిల్లా పారసంబ గ్రామస్థుడు రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో దేశం మొత్తమ్మీద మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. పరీక్ష రాసింది తెలుగులో. 275 మార్కుల ఇంటర్వ్యూలో, పక్కన దుబాసీని పెట్టుకుని, మాట్లాడిందీ తెలుగులోనే. మాస్టారి స్లైడుల్లో ఈ కథ కనిపించదు. కనిపిస్తే ఫీజెవరు కడతారు?

సివిల్స్ లాంటి పరీక్షల ఇంటర్వ్యూ బోర్డుల వాళ్లు అభ్యర్థి ఊరు, జిల్లా చూసి ప్రశ్నలు మొదలెడతారని పోటీ పరీక్షలు రాసేవాళ్లందరికీ తెలుసు. తెలిసే మనవాడు బుర్కినా ఫాసో రాజధాని బట్టీపట్టి వెళ్తాడు. “మీది ధవళేశ్వరం దగ్గరేగా, ఆనకట్ట ఎప్పుడు పూర్తయింది?” అంటే నీళ్లు నములుతాడు. ఫోన్లో ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం పక్కన సెల్ఫీ ఉంది, బుర్రలో 1852 లేదు. వేసవిలో కాలవలు ఎందుకు కట్టేస్తారంటే గూగుల్ సీఈవో పేరు చెప్పడానికి సిద్ధంగా ఉంటాడు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు ఎందుకు బీడుపెట్టారో అడిగితే, ఆ ఏడు వాళ్ల చేను కూడా బీడే ఉందన్న సంగతి వాడికి గుర్తురాదు. తాతగారిని ఒక్క సాయంత్రం అరుగు మీద కదిపితే లాకులు, శివారు భూములకి అందని నీళ్లు, మురుగు కాలవల పూడిక, గిట్టని ధర, దొరకని కూలీలు, అన్నీ వరసన చెబుతారు. కానీ తాతగారి దగ్గర సర్టిఫికెట్ ఇవ్వరు.

అయినవిల్లి వినాయకుడి సన్నిధిలో కలాలకి పూజ చేసి పరీక్షల ముందు పిల్లలకి పంచుతారు. రాతకి ఆ మాత్రం దిక్కుంది. నోటికి మాత్రం ఏ దేవుడూ పూచీపడలేదు.

ప్రభుత్వాలకీ నోటి మీద గురి లేదు. సిఫారసులకి తావుంటుందని కింది స్థాయి కేంద్ర ఉద్యోగాలకి 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు ఎత్తేశారు. మన రాష్ట్రం 2021లో గ్రూప్-1కి కూడా ఎత్తేసి, తర్వాత మళ్లీ పెట్టుకుంది. అసలు ముచ్చట 2019లోది. గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షకు పైగా కొలువులకి రాతపరీక్ష రాస్తే సరిపోయింది, ఇంటర్వ్యూ లేదు. ఆ అక్టోబరు 2న సచివాలయాలు మొదలైంది కాకినాడ పక్కనున్న మన కరపలోనే. అంతకు కొద్ది నెలల ముందు, నెలకి 5,000 గౌరవ వేతనం మీద యాభై ఇళ్ల గుమ్మాలు ఎక్కిదిగే వాలంటీరుకి మాత్రం అధికారులు కొలువుదీరి ఇంటర్వ్యూ చేశారు. పర్మినెంటువాడు మాట్లాడకపోయినా ఫర్వాలేదు, అయిదువేలవాడికి నాయకత్వ లక్షణాలు ఉండితీరాలి.

ఇక ప్రైవేటు కంపెనీలో చివరి ఘట్టం. “మమ్మల్ని ఏమైనా అడుగుతావా?” అంటారు. కుర్రాడు అడగాల్సినవి చాలానే ఉన్నాయి. బాండు ఎన్నేళ్లు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసేసుకుంటారా, శిక్షణ నెలల్లో ఇచ్చేది జీతమా స్టైపెండా, రాత్రి షిఫ్టుకి వ్యాను పెడతారా. ఇవన్నీ వాళ్లమ్మ ముందురోజే ఫోన్లో చెప్పి పెట్టింది. మాస్టారు మాత్రం కంపెనీ విజన్ అడగమన్నాడు, వీడు అదే అడిగాడు. వాళ్లు చాలాసేపు చెప్పారు. వీడు శ్రద్ధగా విని, బయటికొచ్చి టై వదులు చేసుకుని, అమ్మకి ఫోన్ చేసి విన్నదంతా అప్పజెప్పాడు.

ఆవిడ చివరిదాకా ఓపిగ్గా వింది. “బానే ఉందిరా ఆ విజను. నెలకెంత పడుద్ది?”