నాలుగక్షరాల రోము

మా బావ రిటైరైన మర్నాడే రోముకి కాపురం మార్చాడు. పొద్దున్నే ఇంగ్లీషు పేపరుని నాలుగు మడతలు పెట్టి, క్రాస్‌వర్డ్ పైకి కనబడేలా మోకాలి మీద పరుచుకుంటాడు. దాని వెనకవైపు వార్తలు మా అక్కకి సాయంత్రం దాకా దక్కవు. పెన్సిలు పిరికివాళ్లదని ఆయన అభిప్రాయం. బాల్‌పెన్నుతో రాసి, కొట్టేసి, దానిమీదే దిద్ది, చివరికి ఏ గడిలో ఏముందో తనకే తెలియకుండా చేస్తాడు.

చరిత్రపురుషుల గొప్పతనాన్ని బావ పేరులోని అచ్చుల్ని బట్టి కొలుస్తాడు. నలభై ఏళ్లు ఏలిన అగస్టస్ అంటే లెక్కలేదు. "ఎనిమిదక్షరాలు. ఎక్కడ పడతాడ్రా?" క్రీ.శ. 69లో మూడు నెలలు గద్దెనెక్కి, ఓడిపోయి పొడుచుకు చచ్చిన ఓథో అంటే మాత్రం ప్రాణం. "ముందొక ఓ, వెనకొక ఓ! ఏ మూలనైనా ఇమిడిపోతాడు." ఆ ఒక్క ఏడాదే గాల్బా, ఓథో, విటెలియస్, వెస్పాసియన్ వరసగా నలుగురు చక్రవర్తులు ఏలారు కదా, ఎందుకలా అయిందని అడిగితే "అది క్లూలో లేదు" అన్నాడు. ఓవిడ్‌ని నల్లసముద్రం ఒడ్డుకి వెళ్లగొట్టారని చెబితే, "పోనీలే, రోజూ మనింటికే వస్తున్నాడుగా" అని ఓదార్చాడు. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణెం దొరికింది, వెళ్లి చూసొద్దామంటే ఆశగా "ఏ చక్రవర్తిదిరా?" అన్నాడు. టైబీరియస్ అనగానే నీరసపడిపోయాడు. ఆయనా ఎనిమిదే.

ఫోనులో వెతకడం దొంగతనమట. నన్ను అడగడం మాత్రం కాదట. సొంత కూతురి పెళ్లిలో, పీటల మీద కూర్చుని, నా చెవిలో "రోమన్ల ఇలవేల్పు, మూడక్షరాలు, చివర ఆర్" అన్నాడు. సరిగ్గా అప్పుడే పురోహితుడు గోత్రం అడిగాడు. "లార్" అన్నాను గట్టిగా. ఆ గోత్రం ఎక్కడా వినలేదే అని ఆయన బిత్తరపోయాడు.

అయినా బావ మీద కోపం నిలవదు. గడి నిండినప్పుడు ఆ మొహం చూడాలి!

మొన్న వెళ్లేసరికి అక్క రోట్లో పచ్చడి నూరుతోంది. బావ ఒక్క కేక పెట్టాడు: "కలపమంటే రోమన్లకి 1009! ఎమ్ వెయ్యి, ఐఎక్స్ తొమ్మిది. మిక్స్!"

అక్క పచ్చడిబండతో సహా వచ్చింది. "ఆ మిక్సీనే వారం నుంచీ బాగుచేయించమంటున్నది."

బావ నిబ్బరంగా గళ్లు నింపుకుని నావైపు తిరిగాడు. "నీరో వాయించింది, నాలుగు. ఫిడేలు కాదు, అప్పటికింకా అది పుట్టలేదు."

"లైర్, బావా!" అన్నాను, నోరు ఊరుకోక.

అక్క బండ అలాగే పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు కూడానట్రా!"

బావ చటుక్కున పెన్ను అందుకున్నాడు.