మూడో డౌన్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "వైడ్ రిసీవర్ స్క్రీన్ అంటే పరుగు ఆటకు పొడిగింపే."

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ వ్యాఖ్యాతలకూ కోచ్‌లకూ ఇది కంఠోపాఠం. మూడో డౌన్‌లో, అంటే మూడో ప్రయత్నంలో, తొమ్మిది గజాలు కావలసి ఉండగా బంతిని పక్కకు విసిరి మూడు గజాలు తెచ్చుకున్న ప్రతిసారీ ఈ సూత్రాన్ని పఠిస్తారు. విన్నవాడు నోరు మూసుకోవాలి. ఇంత ప్రామాణ్యం గడించిన వాక్యానికి టీక లేకపోవడం శాస్త్రానికే లోటు. మన మెదక్ సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మొదటి నియమం ఇక్కడా శిరోధార్యమే. రెండోది పాటిస్తే ఈ టీకే ఉండదు. ప్రతిపదార్థం సుగమం, వదిలేస్తున్నాం.

ముందుగా లక్షణ పరీక్ష. అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అనే మూడు దోషాలూ అంటనిదే లక్షణమని తార్కికుల మాట; మన మూలానికీ ఆ పరీక్ష పెడదాం. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోగానే అంచున ఉన్న రిసీవర్‌కు, ఆట మొదలైన గీతకు ఇవతలే విసురుతాడు. పక్కనున్న రిసీవర్లు అడ్డొచ్చేవాళ్లను నిలవరిస్తారు. ఇదీ స్క్రీన్. పరుగైతే బంతి చేతి నుంచి చేతికి మారుతుంది, నడుమ ఎవడూ ఎగరేసుకుపోడు. స్క్రీన్‌ను పసిగట్టిన ఎదుటి జట్టు రక్షకుడు కార్నర్‌బ్యాక్ మధ్యలో దూరి పట్టాడా, అతని ముందు మిగిలేది ఖాళీ మైదానమే. ఇక బంతి ఒక్క అంగుళం ముందుకు పోతే లెక్కల్లో అది పాస్; జారితే ఆ ఆట వృథా, అంతే. అదే అంగుళం వెనక్కి పోతే లెక్కల్లో పరుగు. జారితే బంతి ఎవరికి దొరికితే వారిది. చేయి అదే, రిసీవర్ అతనే, వచ్చిన గజాలూ అవే. జాతి మాత్రం మారిపోయింది! నిబంధనల గ్రంథం కూడా ద్వైతమో అద్వైతమో తేల్చుకోలేదు. కాలేజీలో పాస్ గీత దాటేదైతే, అది చేతిని వీడేలోగా ముందు వరస ఆటగాడైన లైన్‌మన్ మూడు గజాలకు మించి ముందుకు పోరాదు; వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ హద్దు ఒక్క గజమే. గీత దాటని పాస్‌కైతే కాలేజీలో ఆ హద్దే వర్తించదు. బంతి చేరకముందే రిసీవర్లు ముందుకు పోయి ఎదుటివాళ్లను ఆపినా తప్పు కాదు. అంటే పేరుకు పాస్, పనికి పరుగు అని శాస్త్రకారులే ఒప్పుకున్నట్టు. మూలవాక్యానికి ఆ మేరకు ఆధారం ఉంది. వ్యాఖ్యాతలకు ఆ మేరకే నమస్కారం.

విలువ మాటకొస్తే, అదంతా తలల లెక్క. అంచున మనవాళ్లు ముగ్గురు, ఎదుటివాళ్లు ఇద్దరు ఉంటే విసరాలి. ముగ్గురికి ముగ్గురుంటే మానాలి. కాలేజీ ఆటలో ఈ లెక్కకు మైదానమే బలం. వెడల్పు 160 అడుగులు. బంతిని నిలిపే లోపలి గీతల మధ్య ఎడం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. కాలేజీలో బంతి ఒక పక్క లోపలి గీత మీద ఉంటే అవతలి అంచు నూరడుగుల దూరం. అంత మేర కాపు కాయాలంటే రక్షకులు అటు జరగాలి, జరిగితే నడుమ పలచబడుతుంది. అయితే అదే వెడల్పు శాపం కూడా. క్వార్టర్‌బ్యాక్ గీతకు వెనక నిలబడతాడు కనుక బంతి వెళ్లేది కర్ణం మీద. కర్ణం భుజం కంటే పొడుగన్న సంగతి బౌధాయన శుల్బసూత్రాల నాటికే, యజ్ఞవేదికకు ఇటుకలు పేర్చేవాళ్లకే తెలుసు. ఆ వేదికల కొలతల్లోకి పోతే ఇంకా రమ్యంగా ఉంటుంది: గద్ద ఆకారపు వేదికను, విస్తీర్ణం తప్పకుండా, తాడుతోనే కొలిచి కట్టేవారు. తాడు పట్టుకున్నవాడు జంకితే వేదిక వంకర పోతుంది. సరే, ప్రకృతానికి వద్దాం. బంతి పాతిక గజాలు అడ్డంగా ప్రయాణించి ముందుకు ఒక్క గజమూ పోదు. అది గాలిలో ఉన్నంతసేపూ కార్నర్‌బ్యాక్ తిన్నగా వస్తూనే ఉంటాడు. అతణ్ణి ఆపే రిసీవరే ఈ ఆటకు నాయకుడు. పాపం, గణాంకాల పట్టికలో అతనికి గడే లేదు.

పూర్వపక్షం: పొట్టి పాస్‌లతోనే కోచ్‌లు హాల్ మమ్మీ, మైక్ లీచ్ అయోవా వెస్లియన్ కాలేజీ నుంచి ఎయిర్ రెయిడ్ అనే దాడి సంప్రదాయాన్ని లేపారు కదా? లేపారు. అయితే 2008లో లీచ్ గారి టెక్సస్ టెక్ అప్పటి నంబర్ వన్ టెక్సస్‌ను 39–33తో ఓడించినప్పుడు, ఒక్క సెకను మిగిలుండగా గెలిపించిన టచ్‌డౌన్ 28 గజాల పాస్. గజాలు కావలసినప్పుడు ఆయన జట్టు బంతిని గీత దాటించింది. మరో పూర్వపక్షం: సగటు తక్కువైనా స్క్రీన్ రక్షణను సాగదీస్తుంది. నిజమే, రక్షణ దాన్ని లెక్క చేస్తేనే. ఇద్దరితోనే ముగ్గురినీ కట్టేసే రక్షణ ఎందుకు సాగుతుంది? ఇక అసలు వాదన: మూడో డౌన్‌లో అది సురక్షితం. ఎవరికి సురక్షితం? గీతకు ఇవతల పట్టినా పాస్ పూర్తయినట్టే. పట్టాక రిసీవర్ పరుగెత్తిన గజాలన్నీ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోకే. క్వార్టర్‌బ్యాక్‌కు శాతం, కోచ్‌కు సూత్రం, జట్టుకు పంట్. దెబ్బలు మాత్రం రిసీవర్‌కు. బంతిని తన్ని ఎదుటివాళ్లకు అప్పగించే ఆ పంటే కావాలనుకుంటే మూడో డౌన్‌లోనే కొట్టొచ్చు, నిబంధనలు అడ్డురావు.

తొమ్మిది గజాలు కావలసిన చోట ఈ మూలానికి తాత్పర్యం: కోచ్‌కు భయం వేసింది.