నాలో బ్యాండు మేళం ఏదీ?

నా ముందుకు వచ్చినవాళ్లు మొదట వెతికేది బ్యాండు మేళాన్నే. పేరు 'ట్యూలరీ తోటలో సంగీతం' కదా మరి! ఎక్కడా కనబడక నన్నే తప్పుపడతారు. 1862లో ఎడువార్ మానే నాలో ఒక్క వాయిద్యమూ గీయకపోతే నేనేం చేసేది? పాటలు కట్టే ఒఫెన్‌బాక్ మాత్రం కళ్లద్దాలతో చెట్టు ముందు కూర్చున్నాడు. పక్కకు తిరిగి కవి బోదలేర్ ఉన్నాడు. ఎడమ అంచున, స్నేహితుడి చాటున సగం దాగి, మానే తనే నిలబడ్డాడు.

మూడో నెపోలియన్ కోటను ఆనుకున్న ఆ తోటలో వారానికి రెండుసార్లు కచేరీ జరిగేది. పారిస్ పెద్దింటివాళ్లు వచ్చేది వినడానికా? ఒకరి కంట ఒకరు పడటానికి! పొడుగు టోపీలు, బుట్ట గౌన్లు, అప్పుడే కొత్తగా వేసిన ఇనప కుర్చీలు. ఇసకలో ఆడుకుంటున్న ఇద్దరు చిన్నపిల్లలకే ఆ గోల పట్టలేదు. లేత పసుపు గౌన్లలో ముందు కూర్చున్న ఆడవాళ్లు ఇటే చూస్తున్నారు. మేళం మీరు నిలబడ్డ చోటే ఉందేమో, ఒకసారి ఆలోచించండి.

1863లో పారిస్‌లోనే నన్ను గోడకెక్కించారు. మధ్యలో మొహాలు అలుక్కుపోయాయని ఎగతాళి చేశారు. జనం గుంపులో మీకు మాత్రం ప్రతి మొహమూ స్పష్టంగా కనబడుతుందా? ఇంకా అక్కడే ఉంచితే చేయి చేసుకుంటానని ఒకాయన బెదిరించాడట! ఆ సంగతి రాసిన రచయిత ఎమిల్ జోలాయే, కాస్త దూరం జరిగి చూడమనీ చెప్పాడు. ఎవరు విన్నారు? నా తర్వాత మానే చేతుల్లో పుట్టిన 'ఒలింపియా'కు తిట్లతోపాటు పేరూ వచ్చింది. నాకు తిట్లే మిగిలాయి. ఇరవై ఏళ్లు కొన్నవాడు లేడు. ఈలోగా 1871 తిరుగుబాటులో కోటే తగలబడిపోయింది. నాలో ఉన్నవాళ్లలో కొందరు కాలం చేశారు. 1883 జనవరిలో, సంగీతం లేదని పేరుపడ్డ నన్ను కొన్నది ఎవరనుకున్నారు? ఫోర్ అనే ఒపేరా గాయకుడు! ఆ ఏప్రిల్‌లోనే మానే కన్నుమూశాడు.

తర్వాత చిత్రాల వ్యాపారి హ్యూ లేన్ చేతికి వచ్చాను. 1915లో లుసిటేనియా ఓడతోపాటు ఆయనా మునిగిపోయాడు. అంతకుముందే వీలునామాలో నన్నూ, తన దగ్గరున్న మరికొన్ని చిత్రాలనూ లండన్‌కు రాసి, తర్వాత మనసు మార్చుకుని డబ్లిన్‌కు ఇమ్మని చీటీ రాశాడు. సంతకం చేశాడు గాని సాక్షి సంతకాలు పెట్టించలేదు. ఎంత పెద్ద వ్యాపారి అయితేనేం, ఆ రెండు గీతలు గీయించడానికి తీరిక దొరకలేదు! రెండు ఊళ్లూ దశాబ్దాలు తగువులాడాయి. 1956లో ఇద్దరు ఐరిష్ కుర్రాళ్లు లండన్ గ్యాలరీ నుంచి మాలో ఒకదాన్ని ఎత్తుకుపోయారు కూడా. నన్ను కాదు లెండి, మోరిసో గీసిన 'వేసవి రోజు'ను. దొంగల కంటికీ నేను ఆనలేదు.

1959లో రాజీ కుదిరింది. ఇప్పుడు కొన్నేళ్లు లండన్‌లో, కొన్నేళ్లు డబ్లిన్‌లో ఉంటున్నాను. నన్ను పుట్టించి, వెక్కిరించి, ఇరవై ఏళ్లు మూల కూర్చోబెట్టిన పారిస్ పేరు మాత్రం ఆ తగువులో ఎవరూ ఎత్తలేదు.