పగలు తెల్లగానే ఉంది

కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు మొన్న వాట్సాప్‌లో ఒక వీడియో పంపినాడు. చిమ్మచీకటి. వీధిదీపం ఒక్కటి లేదు. రోడ్డు మీది గీతలు మాత్రం మిణుగురులు బారు కట్టినట్టు పచ్చగా వెలుగుతున్నాయి. కింద ఒకే ముక్క: "మామా, మీ తిరుపతికి ఇవి ఎప్పుడొస్తాయి?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. వెలుగుల గురించి తిరుపతికే చెప్తాడా వీడు? బ్రహ్మోత్సవాలప్పుడు వచ్చి చూడమనండి. స్తంభానికొక శంఖం, చెట్టుకొక చక్రం, కూడలికొక నిలువెత్తు దేవుడు ఎల్ఈడీ బల్బుల్లో రంగులు మారుస్తూ నిలబడి ఉంటాడు. కొండ మీద గాలిగోపురం చందమామకు సవాలు విసురుతుంటుంది. కల్యాణమండపం వెలుగుతుంది, కార్పొరేట్ కాలేజీ వెలుగుతుంది, బిర్యానీ హోటలు వెలుగుతుంది, పుట్టినరోజు ఫ్లెక్సీలో నాయకుడి పలువరస కూడా ఫోకస్ లైటు కింద వెలుగుతుంది. మా దగ్గర వెలగనిది ఒక్కటే. తారు ఎక్కడ అయిపోయి గుంత ఎక్కడ మొదలైతుందో చెప్పాల్సిన అంచు గీత.

అయినా వాడు పంపింది పాత ముచ్చట. 2023 చివర్లో సెలంగోర్ రాష్ట్రంలో సెమెన్యీ అనే ఊరి దగ్గర 245 మీటర్ల రోడ్డుకు ఆ పూత పూసినారు. పగలంతా ఎండ తాగి, రాత్రికి వెలుగు కక్కే పూత. జనం కార్లు ఆపి సెల్ఫీలు తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి అక్కడి ప్రభుత్వం పథకాన్ని మడిచి అటక మీద పెట్టింది. మామూలు గీత చదరపు మీటరుకు 40 రింగిట్‌లైతే ఈ వెలుగు గీత 749. దాదాపు 19 రెట్లు. అంతకు ముందే, 2014 ఏప్రిల్‌లో, నెదర్లాండ్స్‌లో ఓస్ అనే ఊరి దగ్గర రోజ్‌గార్డే అనే డిజైనరు 500 మీటర్ల దారికి ఇదే ముచ్చట తీర్చినాడు. ప్రపంచంలోని పత్రికలన్నీ ఫొటోలు వేసినాయి. తర్వాత చూస్తే తేమకు వెలుగు నిలవలేదు. నెదర్లాండ్స్‌లో తేమ ఉంటుందని ముందే తెలియకపోవడం ఎట్లాగో నాకర్థం కాలేదు గానీ, పెద్దవాళ్ల దేశాల్లో కూడా అంచనాలు మన మాదిరే వేస్తారని తెలిసి కొంచెం ఊరట కలిగింది.

ఆ పూత గుణం కొత్త అల్లుడి మర్యాద లాంటిది. పొద్దు గుంకిన గంట దాకా దేదీప్యమానం. అప్పుడు ఆకాశంలోనే ఇంకా కాస్త వెలుతురుంటుంది, అంగళ్లలో దీపాలుంటాయి, దాని అవసరం ఎవరికీ ఉండదు. డ్రైవరు కళ్లు మూతలు పడే తెల్లవారుజాము మూడింటికి అది అలిసిపోయి, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది.

ఈ సంగతంతా మా వీధి చివరి రేడియం షాపు ఆయనకు చెప్పినాను. రేడియం షాపంటే మీకు తెలుసు కదా. మేడమ్ క్యూరీ కనిపెట్టిన రేడియానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. చీకట్లో తళుక్కుమనే స్టిక్కరు ఏదైనా మనకు రేడియమే. ఆటో వెనక హీరో బొమ్మ, లారీ నుదుటి మీద ఇష్టదైవం, బైకు నంబరు ప్లేటు మీద కులం పేరు, అన్నీ ఆయన కత్తెర కిందే పుడతాయి. మొత్తం విని ఆయన తాపీగా అన్నాడు:

"గీత సొంతంగా యాల వెలగాల సార్? మన లైటు పడితే తిరిగి వెలిగితే చాలదా? ఆ సరుకు మన రోడ్లకు ఎప్పుడో వచ్చుండాది."

వచ్చుండాది, నిజమే. రోడ్డు గీతల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లకు 35వ నంబరు నియమావళి ఒకటుంది. తెల్లటి పొడిని గ్యాసు మంట మీద పాయసంలాగా మరగబెట్టి, బండితో గీత లాగి, అది చల్లారకముందే పైన సన్నటి గాజుపూసలు చల్లాలి. బొంబాయి రవ్వ అంత పూసలు. సగానికి కాస్త ఎక్కువగా పూతలో మునిగి, మిగతాది పైకి తేలాలి. మన హెడ్‌లైటు వెలుగు దాంట్లోకి దూరి, వచ్చిన దారినే వెనక్కి తిరిగి మన కంటికే వస్తుంది. కరెంటు బిల్లు లేదు, ఎండ తాగే పని లేదు. తెల్లవారుజాము మూడింటికీ అదే వెలుగు. చదరపు మీటరుకు పైన చల్లాల్సింది 250 గ్రాములు. పావుకిలో.

ఆ పావుకిలో దగ్గరే ఉంది కథంతా.

ఏ ఊరి దగ్గరో చెప్పను గానీ, మా జిల్లాల్లోనే ఒక చోట గీత గీయడం దగ్గర నిలబడి చూసినాను. ముందు ఒకతను బండి తోస్తున్నాడు. వెనక ఒక పిల్లోడు పూసలు చల్లుతున్నాడు. పావలా కాసు పెట్టి పప్పులు కొన్న ముసలమ్మ కూడా మనవళ్లకు అంత పొదుపుగా పంచి ఉండదు. రెండు వేళ్లతో చిటికెడు తీసుకొని, అట్లా గాల్లోకి చూపించి, దాంట్లో సగం మళ్లీ డబ్బాలో వేసుకుంటున్నాడు. పక్కన వేపచెట్టు కింద పూసల బస్తాలు మూతి విప్పకుండా, పెండ్లికొచ్చిన పెద్దమనుషుల్లాగా కూర్చోనున్నాయి.

"పూసలు చాలవేమో మేస్త్రీ" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "యాడ సార్, బాగా చూడండి. తెల్లగా లేదా?" అన్నాడు.

ఉంది. కన్ను చెదిరేంత తెల్లగా ఉంది. టైము పగలు పదకొండు.

పదకొండున్నరకు కొలతలు తీసుకునేవాళ్లు జీపు దిగినారు. టేపు పరిచినారు. పొడవు సరిపోయింది, వెడల్పు సరిపోయింది, మందం సరిపోయింది, తెలుపు సరిపోయింది. కొలతల పుస్తకం ఎం-బుక్కులో ఎక్కింది. టీలు తాగినారు. రాత్రి కనపడాల్సిన వస్తువును పట్టపగలు పరీక్షించడంలో ఉన్న చమత్కారం అక్కడ నాకొక్కడికే తట్టినట్టుంది. ఈ లెక్కన గొడుగులను కూడా ఎండాకాలంలోనే తనిఖీ చేసి, చుక్క నీరు కారడం లేదని రాసుకోవచ్చు.

అనుమానం తీరక ఆ రాత్రి మళ్లీ పోయినాను. పరీక్ష చాలా సులువు, మీరూ చేసుకోవచ్చు. ఫోను టార్చి వేసి కంటి పక్కనే ఆనించి పట్టుకొని దూరంగా గీతను చూడాలి. పూసలుంటే పిల్లికన్ను లాగా భగ్గుమంటుంది. లేకపోతే సున్నం కొట్టిన గోడ మాదిరి మూగగా ఉంటుంది. నేను రోడ్డు పక్కన మోకాళ్ల మీద వంగి, చెంపకు టార్చి పెట్టుకొని చూస్తుంటే పాల క్యాన్లతో పోతున్న ఒకాయన బైకు ఆపినాడు.

"ఏం పోగొట్టుకున్నావన్నా?"

"ఏం లేదప్పా, గీత కనపడ్తాదేమో అని చూస్తున్నా."

ఆయన నా వయసు చూసినాడు, చీకటి చూసినాడు. "ఈ టైములో గీత యాల వస్తుందిలే గానీ, ఇంటికి పోన్నా" అని హితవు చెప్పి పోయినాడు.

కొలిచే చోట మర్యాదగా ఉండటం మా ప్రాంతపు ప్రత్యేకత. తిరుమల ఘాట్ రోడ్డే చూడండి. ఎక్కడానికి 28 నిమిషాలకు తగ్గకూడదు, దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదని నియమం. కింద చీటీ మీద టైము, పైన చీటీ మీద టైము. బంగారం లాంటి ఆలోచన. మనవాళ్లు దాన్ని ఎట్లా గౌరవిస్తారంటే, మలుపుల్లో కారు పల్టీ కొట్టేంత వేగంగా తోలి, టోల్‌గేటు కంటికి కనబడే దూరంలో ఓరగా ఆపి, అద్దం దించి, మిగిలిన ఏడు నిమిషాలు గోవింద నామాలు వింటారు. లారీలూ అంతే. ఎఫ్‌సీకి పోయే రోజు వెనక ఎర్ర రేడియం టేపు కొత్త పెండ్లికూతురి జరీ అంచులాగా మెరుస్తుంది. మూడో నెలకు దాని మీద ఎర్రమన్ను ఒక పొర, గ్రానైటు దుమ్ము ఒక పొర.

ఇక మామిడి సీజన్లో చిత్తూరు రోడ్లు. గుజ్జు ఫ్యాక్టరీల ముందర బెంగుళూరా కాయల ట్రాక్టర్లు మైళ్ల పొడవున నిలబడి ఉంటాయి. వెనక దీపం ఉండదు. రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. 2025లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, కాయ కుళ్లిపోతుంటే రోజుల తరబడి టోకెన్ కోసం పడుకున్న మనిషి దగ్గరికి పోయి "అయ్యా, నీ ట్రైలరుకు రిఫ్లెక్టరు ఏదీ" అని అడిగే ధైర్యం ఎవరికుంది? ఇక దారిలో చెడిపోయిన లారీ అయితే, మా పద్ధతి మాకుంది. నాలుగు బండరాళ్లు, ఒక వేపమండ. మండ వెలగదు, రాయి వెలగదు. లారీ బాగైపోయినాక మండను మేకలు తింటాయి, రాళ్లు మాత్రం తర్వాత వచ్చే బైకుల కోసం అక్కడే ఉంటాయి.

ఉన్న కాసిని పూసల వెలుగునైనా బతకనిస్తారా అంటే, ఎదురొచ్చే ప్రతివాడూ హైబీమ్ వేసుకొనే వస్తాడు. డిమ్ కొట్టడమంటే మీసం దించినట్టు లెక్క. గీత పాపం, ఇచ్చిన వెలుగును ఇచ్చినవాడికే తిరిగిచ్చే నిజాయితీపరురాలు. ఎదుటివాడి లైటు కంట్లో పొడిచినాక దాని మాట వినపడదు. ఇంగ్లండులో పర్సీ షా అనే ఆయన 1934లో రోడ్డులో పొదిగే పిల్లికళ్లు కనిపెట్టినప్పుడు, మీద చక్రం ఎక్కిన ప్రతిసారీ తన కన్ను తానే తుడుచుకునేటట్టు చేసినాడు. డ్రైవరు కళ్లు తుడిచే యంత్రం మాత్రం ఆయన చేతా కాలేదు.

2022 మార్చి 26 రాత్రి, ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతి బయల్దేరిన బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలోకి పోయింది. ఆ మలుపు దాటిన ప్రతిసారీ మా కార్లో మాటలు ఆగిపోతాయి. దేశం మొత్తం మీద ఆ ఒక్క ఏడాది రోడ్డు మీద పోయిన ప్రాణాలు 1,68,491 అని కేంద్రమే అచ్చువేసింది.

ప్రాణం పోనివాళ్లకు మా దగ్గర ఏర్పాటు ఉంది. దక్షిణదేశమంతా పేరున్న పుత్తూరు కట్టు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు. మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి చెయ్యి వేలాడేసుకొని వచ్చి, చెయ్యి మెడకు కట్టుకొని పోతారు. రోడ్డు భద్రతకు మేం చేసిన సేవ ఇంతకంటే ఏముంటుంది? గీత గీసేచోట పొదుపు చేసినా, కట్టు కట్టేచోట లోపం చేయం.

ఆ పుత్తూరు రోడ్డు మీదే పోయిన పెరటాసి నెలలో, వడమాలపేట దాటినాక, తెల్లవారుజామున నా హెడ్‌లైటు వెలుగులో రోడ్డు అంచున ఏదో తళుక్కుమంది. గీత కాదు. గీత మీద మనుషులు. తమిళదేశం నుంచి కొండకు కాలినడకన పోయే భక్తులు, పసుపు గుడ్డలు, నెత్తిన మూటలు, చెప్పులు లేవు. పక్కన కంకర గుచ్చుకుంటుంది కాబట్టి, నున్నగా ఉంటుందని అందరూ ఆ తెల్లగీత మీదే ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. తిరుమల మాడవీధుల్లో కాళ్లు కాలకుండా తెల్లరంగు పూస్తారు కదా, ఇదీ అటువంటి ఏర్పాటే అనుకొని ఉంటారు.

తళుక్కుమన్నది అందరికంటే వెనక నడుస్తున్న ఒక అవ్వ మూట. దాని మీద రేడియం ముక్క. దారి పక్కన అన్నం పెట్టేచోట ఎవరో స్టిక్కర్ల షాపు నుంచి కత్తిరింపులు తెచ్చి అందరి వీపులకూ మూటలకూ అంటించి పంపుతున్నారని తర్వాత తెలిసింది. ఏ లారీ కోసం కోసిన ముక్కో ఏమో, అవ్వ మూట మీద ఎర్రటి అక్షరాలు మాత్రం వంద గజాల నుంచే స్పష్టంగా కనపడినాయి.

"హారన్ కొట్టుము."

నేను కొట్టలేదు. డిమ్ కొట్టి, వాళ్లు నడిచినంత మెల్లగా వెనకాలే పోయినాను. నా వెనక వచ్చినవాడు మాత్రం హైబీమ్ వేసి కొడుతూనే ఉన్నాడు.