ఫొటో సరిగా రాకపోవడానికి గల కారణాలు: ఉప్పల్, నాచారం పరిసరాలు

ఉప్పల్‌లో ఫొటో చెడిందంటే నింద ముందు ఫోను మీదే పడుతుంది. కొత్త ఫోను కావాలనే తీర్మానం ఇంట్లో నెగ్గించుకోవడానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు కాబట్టి ఎవరూ విచారణ కోరరు. విచారిస్తే చాలా కేసుల్లో దోషి మిర్చి బజ్జీ. బండి దగ్గర బజ్జీ తిన్న వేలు లెన్సుకు తగులుతుంది. పల్చటి నూనె పొర మిగులుతుంది. చీకటి పడ్డాక రింగ్ రోడ్డులో వచ్చే ప్రతి బస్సు హెడ్‌లైటుకూ దేవుడి పటంలోలా ఓ కాంతివలయం మొలుస్తుంది. పొడి నూలు గుడ్డతో తుడిస్తే బస్సు మళ్ళీ బస్సవుతుంది. బజ్జీలు కట్టిన పేపరుతో తుడవకూడదు.

తర్వాతది వెలుతురు. 2023లో తెరిచిన ఉప్పల్ స్కైవాక్ మీద నిలబడితే కూడలి మొత్తం కింద కనిపిస్తుంది. ఇక్కడ దిక్కులు తెలిస్తే సగం పని అయినట్టే. వరంగల్ రోడ్డు తూర్పుకు పోతుంది. పొద్దున్నే అటు తిరిగి తీస్తే మనుషులు మాడిపోయి వస్తారు. వరంగల్‌కు వీపు పెట్టి హబ్సిగూడ వైపు తీస్తే తేరుకుంటారు. సాయంత్రం ఇదంతా తలకిందులు. ఎదురెండ తప్పనప్పుడు తెర మీద ముఖాన్ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపాలి. ముఖం వెలుగుతుంది, ఆకాశం తెల్లబోతుంది. రెండూ కావాలనే ఆశపోతులు పొద్దువాలేదాకా ఆగాలి.

మిట్టమధ్యాహ్నం కళ్ళ కింద పడే నీడలకు సినిమావాళ్ళు ఎప్పుడో మందు కనిపెట్టారు. ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణ స్టూడియో ఒకటి నాచారంలో ఉంది. షూటింగులు చూసేవాళ్ళు హీరోయిన్ని చూస్తారు గానీ, ఫ్రేము బయట థర్మాకోల్ షీటు పట్టుకున్న కుర్రాణ్ణి చూడరు. ఎండను ముఖం మీదికి తిప్పి నీడల్ని చెరిపేది ఆ షీటే. ఇంటి దగ్గర మనిషిని నీడ అంచున నిలబెట్టి, ఎదుటి ఎండలో తెల్ల దుప్పటి పరిచి పట్టుకుంటే చాలు. పట్టుకునే బావమరిది దొరకడమే కష్టం.

ఉప్పల్ స్టేడియంలో రాత్రి మ్యాచ్‌కు వెళ్ళి ఫ్లాష్ వేసేవాళ్ళది ప్రత్యేక వర్గం. ఫోను ఫ్లాష్ నాలుగడుగులు వేసేసరికే అలసిపోతుంది. బ్యాటర్ దాకా వెళ్ళదు, ముందు వరుసలోని బట్టతల మాత్రం దేదీప్యమానంగా వస్తుంది. బంతి సంగతి వేరు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనులో అరవయ్యో వంతులో దాదాపు 65 సెంటీమీటర్లు జరిగిపోతుంది. ఆ షట్టర్ వేగానికి అది గీతగా సాగి మాయమవుతుంది. వెయ్యో వంతు పెడితే నాలుగు సెంటీమీటర్లు కూడా జరగదు. ప్రో మోడ్ లేని ఫోన్లున్నవాళ్ళు బంతిని వదిలేసి, సిక్స్ కొట్టినప్పుడు పక్కవాళ్ళ ముఖాలు తీసుకోవడం మేలు.

పెళ్ళి గ్రూపు ఫొటోలో చిక్కు లెన్సుది కాదు, చుట్టరికానిది. ఫోను లెన్సు వెడల్పాటి దృశ్యాన్ని ఇరికిస్తుంది కనుక అంచున ఉన్నవాళ్ళను సాగదీస్తుంది. పెళ్ళికొడుకు మేనమామను చివర నిలబెట్టడం కయ్యానికి కాలు దువ్వడమే. నాలుగడుగులు వెనక్కి నడిచి, చివర్లలో కాస్త చోటు వదిలి తీస్తే అందరూ సొంత కొలతల్లో ఉంటారు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. చేరిన ఐదు నిమిషాలకు అవతలి నుంచి ఫోనొస్తుంది: "ఇది తెరుచుకోవట్లేదు నాయనా, ఫొటోలా పంపు."