కుండి కొనని మగడు: పత్రరంజనీ వ్యాఖ్యానం

మూలము

పూవు లేదు కాయ పుట్టదు బొత్తిగా
నీడ లేదు వాసనింత లేదు
ఆకు జూచి మురియు నావిడ చెప్పగా
కుండి కొనని మగడు కొంప గనడు

అవతారిక

ఈ ఆటవెలది ఏ తాళపత్ర గ్రంథంలోనూ లేదు. నందిగామలో ఒక డాబా మెట్ల పక్క గోడమీద, పాలవాడి లెక్కల కింద, పెన్సిలుతో రాసి ఉంది. కవి పేరు వ్యాఖ్యాతకు తెలుసు. చెప్పడం ఇంట్లో క్షేమం కాదు గనుక అజ్ఞాతకర్తృకమనే అనుకుందాం.

దేశకాలాలు చెప్పాలి. నందిగామ నుంచి హైదరాబాదు దారిలో పాతిక ముప్పై కిలోమీటర్లు పోతే జగ్గయ్యపేట. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టక ముందు దాని పేరు బేతవోలు. మాకు వట్టి ‘పేట’. 2022 ఏప్రిల్ 4 నుంచి రెండు ఊళ్ళూ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి గాని, ఎక్కడివాళ్ళని అడిగితే మా నోట ఇప్పటికీ ‘కృష్ణా జిల్లా మెట్ట’ అనే వస్తుంది. మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు వెళ్ళి వస్తూ పేటలో మా వదినగారింట్లో ఆగాం. వాళ్ళ వేపచెట్టు కింద పన్నెండు కుండీల క్రోటన్లు, పసుపూ ఎరుపూ ఆకుపచ్చా కలిసి, పెళ్ళిపందిరిలో పట్టుచీరల్లా ఉన్నాయి. మా ఆవిడ వాటినీ చూసింది, తర్వాత నన్నూ చూసింది. ఆ రెండో చూపులోంచి పుట్టింది ఈ పద్యం.

కొలచాల మల్లినాథ సూరి కాళిదాసుకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు, చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కవివాక్కు లేచి కూర్చోవాలని. మా ఇంట్లో మూర్ఛపోయింది మొక్క. సంజీవని రాసే శక్తి నాకు లేదు. పత్రరంజనితో సరిపెట్టుకోండి.

ప్రతిపదార్థము

పూవు లేదు = పుష్పము లేదు. ఇక్కడ వృక్షశాస్త్రం చదివినవాడు లేచి నిలబడతాడు. క్రోటన్ పూస్తుంది. సన్నటి కంకులు వేస్తుంది, మగపూలకొక కంకి, ఆడపూలకొక కంకి. కోలియస్ తులసికి దాయాది. కాడ నలుపలకలుగా ఉంటుంది, తులసిలాగే వెన్ను తీస్తుంది. వెన్ను తీయనిస్తే ఆకు జోరు తగ్గుతుందని గిల్లేస్తారు. డిఫెన్‌బాకియా, కలాడియం, అగ్లోనీమా మన కంద, చేమల బంధువర్గం. వాటి పువ్వు దొన్నెలో నిలబెట్టిన వత్తిలా ఉంటుంది. మరి కవి అబద్ధమాడాడా? ఆడలేదు. సంస్కృత వ్యాకర్తలు నిషేధవాచకానికి ఆరు అర్థాలు చెప్పారు: సాదృశ్యం, అభావం, అన్యత్వం, అల్పత్వం, అప్రశస్తత, విరోధం. కడుపు లేని కన్య అంటే సన్న నడుము పిల్ల అనే గాని పొట్టే లేదని కాదు. అలాగే ఇక్కడ పూవు లేదంటే జడలో పెట్టుకునే పూవు లేదని, కనకాంబరం పక్కన నిలిచేది లేదని అర్థం. ఒక్క మనీప్లాంటు దగ్గర మాత్రం నిఖార్సైన అభావమే. గిబ్బరెల్లిన్ అనే హార్మోనును తయారుచేసే జన్యువు దాంట్లో సరిగా పనిచేయదు. అందువల్ల ఇళ్ళలో అది పూతకు రాదు. పసిఫిక్‌లో తాహితీ పక్కనున్న మోరియా దీవి దాని పుట్టిల్లు. ఒక్క గింజ పెట్టకుండా, కొమ్మకు కొమ్మ అంటుతూ ప్రపంచంలోని కిటికీలన్నీ ఎక్కేసింది. దొంగిలించి తెస్తేనే కలిసొస్తుందన్న మాట ఎవరు పుట్టించారో గాని, ఆ తీగ సంతానయోగం తెలిసే పుట్టించి ఉంటారు.

కాయ పుట్టదు బొత్తిగా = ఫలము లభించదు. ‘బొత్తిగా’ గణం నింపడానికి వేసిన మాట, దాని గురించి పేచీ వద్దు. ఈ పాదం దగ్గర పూర్వపక్షం చేసేవారు మా పక్కింటి బాబాయి. “నూట యాభై పెట్టి ఒక్క ఆకుమొక్క కొన్నావా? ఆ డబ్బుకి రెండు కట్టలు వంగనారు వచ్చేదిరా” అన్నారు. దీనికి సమాధానం మా ఆవిడే చెప్పింది. “బాబాయిగారూ, మీ హాల్లో పులిబొమ్మ కాలెండరు ఏం కాసింది?” సిద్ధాంతం అక్కడితో స్థిరపడింది.

నీడ లేదు = ఛాయ లేదు. పద్యానికి ప్రాణం ఈ రెండు మాటలే, ఇక్కడే కాసేపు కూర్చోవాలి. పైపైన చదివితే ఈ మొక్క నీడనివ్వదని అర్థం. మూడడుగుల మొక్క కింద కుక్కపిల్ల కూడా పడుకోలేదు, నిజమే. కాని ‘దీనికి’ అనే పదాన్ని అధ్యాహారం చేసుకోవాలని నా మతం. దీనికి నీడ లేదు, అందుకే చచ్చింది, అని అన్వయం.

తిరునాళ్ళ తర్వాతి వారం కడియం మొక్కల బండి మైకు పెట్టుకుని మా వీధిలోకి వచ్చింది. “ఎండకి తట్టుకుంటాయా బాబూ?” అని మా ఆవిడ అడిగింది. “వేడి దేశాల మొక్కలేనమ్మా” అన్నాడతను. అతను కల్లలాడలేదు. క్రోటన్‌ది ఇండోనేషియాలోని మొలక్కా దీవుల వైపు. కలాడియంది బ్రెజిల్, కోలియస్‌ది జావా, రాగిరంగు ఆకుల అకాలిఫాది ఫిజీ వైపు. అన్నీ వేడి దేశాలే. చిక్కల్లా వేడి అనే శబ్దం నానార్థకం కావడంలో ఉంది. ఆ దీవుల వేడి ఆర్ద్రోష్ణం: ముప్పై డిగ్రీలకు అటూ ఇటూ, గాలి నిండా నీరు, నెత్తిన పెద్ద చెట్ల గొడుగు, ఒంటిమీద ఆరని చెమట. మా మెట్టలో వైశాఖపు వేడి శుష్కోష్ణం. చెమట పట్టిన సంగతి మనకు తెలిసేలోపే దాన్ని ఆరబెట్టేస్తుంది. వాతావరణ శాఖవారి కేంద్రం ఒకటి నందిగామలో ఉండటం వల్ల తరచు మే నెలలో 45 డిగ్రీలంటూ మా ఊరు పేపరెక్కుతుంది. మాకు వేరే కీర్తి అక్కర్లేదు.

1860ల్లో లండన్ చెల్సీలోని వీచ్ నర్సరీ కుటుంబంలోని జాన్ గూల్డ్ వీచ్ దక్షిణ పసిఫిక్ దీవులన్నీ తిరిగి క్రోటన్లను ఓడకెక్కించి తెచ్చాడు. వాటిని బతికించడానికి దొరలు అద్దాల ఇళ్ళు కట్టారు, బొగ్గు మండించారు, గొట్టాల్లో వేణ్ణీళ్ళు తిప్పారు. వాళ్ళు బొగ్గు పోసి కొనుక్కున్న వేడిని సూర్యభగవానుడు మా డాబామీద ఊరకే పారబోస్తాడు. మా ఆవిడ ఆ డాబామీదే, సిమెంటు గచ్చుమీద, పిట్టగోడ వారన నాలుగు కుండీలు పెట్టింది. కింద గచ్చు పెనంలా కాలింది, మీద వడగాలి వీచింది. వైశాఖం వెళ్ళేసరికి నాలుగింటికీ కలిపి ఆకులు ఏడు.

అలాగని చీకటి గదిలో పెడితే ఇంకో చిక్కు. క్రోటన్‌కు రంగు వచ్చేది వెలుతురు వల్లనే. అది చాలకపోతే ఎరుపు, పసుపు తగ్గిపోయి వట్టి పచ్చగా తేలుతుంది. ఎండ కావాలి, ఎండ వద్దు. ఈ విప్రతిషేధానికి పరిహారం తూర్పు ఎండ. పొద్దున తొమ్మిది, పది దాకా తగిలి, ఆ తర్వాత నీడ పడే చోటు చూడాలి, లేదా పైన గ్రీన్ నెట్ కట్టాలి. ఈ రహస్యం తమలపాకు రైతుకు ఎప్పుడో తెలుసు. గుంటూరు వైపు ఆకుతోట వేసేవాళ్ళు ముందు అవిసె గింజలు చల్లుతారు. అవిసె లేచాకే దానిమీదికి తీగ ఎక్కిస్తారు. తీగకు ఊతమూ అదే, నీడా అదే. మా వదినగారు ఏ పుస్తకమూ చదవలేదు. ఆవిడకు వేపచెట్టు ఉంది.

వాసనింత లేదు = సువాసన బొత్తిగా లేదు. మరువం, దవనం, మాచిపత్రి ఆకులై ఉండి పూలదండలోకి ఎక్కాయంటే వాసన వల్లనే. క్రోటన్‌కు ఆ అర్హత లేకపోయినా పెళ్ళిస్టేజీ అలంకారంలోకి, దండల చివరి కుచ్చుల్లోకి దొడ్డిదారిన వచ్చేసింది.

ఆకు = పత్రము. తెలుగువాడికి ఆకంటే పనిముట్టు. కరివేపాకు తాలింపులోకి, అరిటాకు భోజనానికి, మామిడాకు గుమ్మానికి, తమలపాకు తాంబూలానికి, గోరింటాకు చేతికి. ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చుని అందంగా ఉండే ఆకు మన ఇళ్ళలోకి కొత్తగా వచ్చిన అల్లుడు. ఆ అల్లుడి గోత్రం విచారిస్తే నవ్వొస్తుంది. ‘క్రోటన్’ అనేది గ్రీకుమాట, పశువుల ఒంటిమీద పట్టే పిడుదు అని అర్థం. ఆముదం గింజ పిడుదులా ఉంటుందని ఆ మొక్కకూ అదే పేరన్నారు. శాస్త్రజ్ఞులు ఆ పేరు ఆముదానికి చుట్టమైన ఇంకో జాతికిచ్చారు. ఆ అసలు క్రోటన్ జాతిలోదే మన నేపాళం, ఒక్క గింజతో మనిషిని రోజంతా చెంబు పట్టించే ఘనవిరేచనకారి. లిన్నేయస్ 1753లో మన కుండీమొక్కను కూడా ఆ జాతిలోనే కలిపాడు. తర్వాతివాళ్ళు తీసి కోడియం అనే వేరే కొట్టంలో కట్టేశారు గాని, జనం నోట పాతపేరే నిలిచింది. మొత్తానికి ఆముదానికి దాయాదే. ఏ చెట్టూ లేని మా డాబామీద అదే మహావృక్షం కావడంలో వింత లేదు.

ఆకు అన్నాక ఒక హెచ్చరిక. తెల్లమచ్చల డిఫెన్‌బాకియా కాడలోనూ ఆకులోనూ కంటికి కనపడని సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. కందలో దురదకు కారణం కూడా అవే. కొరికితే నాలుక మంటెత్తి వాచిపోతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో దాన్ని కింద పెట్టకండి.

ఆవిడ చెప్పగా = భార్య ఆదేశింపగా. ‘మురియు’ అనే విశేషణం ఆవిడదా, మగడిదా అని సందేహం. మగడికి మురిపెం ఉన్నట్టు పద్యంలో ఎక్కడా గమకం లేదు.

కుండి = కుండీ. దీర్ఘం ఉండవలసిన చోట ఛందస్సు కోసం కవి కురచ చేశాడు. అమ్మేవాడు ధర కురచ చేయలేదు.

కొంప గనడు = ఇల్లు చూడడు. ‘కూడు గనడు’ అని పాఠాంతరం. యతి రెండింటికీ కుదురుతుంది, అనుభవమూ రెండింటికీ ఉంది.

అలంకారము

కారణం లేకుండా కార్యం పుడితే విభావన. పూవు, కాయ, నీడ, వాసన ఏదీ లేకుండానే ఆవిడకు మురిపెం పుట్టింది గనుక పద్యంలో విభావన. కారణాలన్నీ ఉండి కార్యం పుట్టకపోతే విశేషోక్తి. అది మా డాబామీద జరిగింది. రెండు పూటలా నీళ్ళు పోశాం, పేడ ఎరువు వేశాం, మొక్క బతకలేదు.

కారణాల్లోనే లోపం ఉందని తర్వాత తేలింది. కడియం మొక్క గోదావరి ఒండ్రులో పెరిగి, నల్లకవరులో ఆ ముద్దతోనే వస్తుంది. నేను దాని చుట్టూ పొలంలోంచి తెచ్చిన నల్లరేగడి కూరాను. పత్తికి అది తల్లి. కుండీలో మాత్రం తడిస్తే ఉబ్బి వేరుకు ఊపిరాడనివ్వదు, ఆరితే బీటలిచ్చి వేరును తెంపుతుంది. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, మున్నేటి ఇసుక కలిపి పోసుకోవాలి. ఇక నీళ్ళు. పేట చుట్టుపక్కల నేల సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికి వచ్చింది దానికోసమే. అటువంటి నేలలో బోరు నీళ్ళు పోస్తూ పోతే కుండీ అంచున తెల్లటి పొక్కు కడుతుంది, మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, ఈనెలు పచ్చగా ఉండి ఆకు పాలిపోతుంది. వాటర్ ఫిల్టరు బయటికి వదిలే నీళ్ళు పోయడం ఇంకా తప్పు, ఉప్పంతా వాటిలోనే పోగవుతుంది. వాననీళ్ళు శ్రేష్ఠం. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళు మధ్యమం. అదే ఏసీ వెనకనుంచి వేడిగాలి కూడా కొడుతుంది కాబట్టి బకెట్టును అక్కడ పెట్టండి గాని కుండీని పెట్టకండి.

పిండినల్లి గురించి మా ప్రాంతంవాళ్ళకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. పత్తిచేలో చూసిందే కుండీలోనూ కనిపిస్తుంది. చేనుకు కొట్టే మందు ఇంట్లోకి తేవద్దు, సబ్బునీళ్ళలో కాస్త వేపనూనె కలిపి చల్లితే చాలు.

తాత్పర్యము

పూవూ కాయా నీడా వాసనా లేని మొక్కను ఆకు చూసి మురిసే భార్య తెమ్మన్నప్పుడు తేని భర్తకు ఇంట్లో చోటుండదని పిండితార్థం. తెచ్చి చంపినవాడి గతి ఏమిటో కవి చెప్పలేదు. వ్యాఖ్యాత చెప్పగలడు గాని చెప్పడు.

విశేషములు

ఆకులన్నీ రాలిన క్రోటన్‌ను వెంటనే పారేయకూడదు. చోటు మారినా, గాలి మారినా అది అలిగి ఆకులు దులిపేస్తుంది. గోటితో కాండం మీద కాస్త గీకి చూడాలి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మా నాలుగింట్లో మూడు గోధుమరంగు తేలాయి. నాలుగోది పచ్చగా ఉంది. దాన్ని కిందికి దించి, మెట్లకింద తూర్పు వెలుతురు పడేచోట పెట్టాం. తొలకరి పడ్డాక మూడు ఆకులు వేసింది, శ్రావణం వెళ్ళేసరికి పదకొండు. మా ఆవిడ రోజూ లెక్కపెడుతుంది.

భాద్రపదం వస్తోంది గనుక వీధిలోని పిల్లలకు ఒక మనవి. వినాయకుడి పూజకు చెప్పిన ఇరవై ఒక్క పత్రాల్లో మాచీపత్రం ఉంది, మారేడు ఉంది, గరిక ఉంది, ఉత్తరేణి ఉంది. క్రోటన్ లేదు. మా పెరట్లో మారేడు చెట్టుంది, గేటు తీసుకుని వచ్చి ఎంత కావాలంటే అంత కోసుకోండి. మెట్లకింద కుండీ జోలికి మాత్రం రాకండి నాయనలారా, ఆ పదకొండు ఆకులూ లెక్కలో ఉన్నాయి.