గోడ మీద ఏసీ కనిపించకూడదనే డిజైనర్ గారికి



హైదరాబాద్ పడమటి శివార్లలో మా అక్కావాళ్లు కట్టుకున్న రెండంతస్తుల ఇంటికి మీరు గీసిన బొమ్మల్లో ఏసీ ఎక్కడా కనిపించలేదు. తెల్లటి సీలింగు, సన్నటి గ్రిల్లు, దాచిన దీపాలు. చూడ్డానికి చాలా బావుంది. ఆ ఇంట్లో వేసవి గడిపాక ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ ఒక్కరికే కాదు, కొత్త ఇల్లనగానే ‘సెంట్రల్ ఏసీ పెట్టేద్దాం సార్, నీట్‌గా ఉంటుంది’ అనే మీ తోటివారందరికీ కూడా.

మీరు అక్కని సోఫా రంగు అడిగారు. పూజగది తలుపు మీద ఏం చెక్కించాలో అడిగారు. రాత్రి ఎవరు ఏ గదిలో పడుకుంటారని మాత్రం అడగలేదు. ఏసీ విషయంలో మొట్టమొదట అడగాల్సింది అదే.

అడిగి ఉంటే తెలిసేది. కింద పడకగదిలో బావగారి అమ్మ ఒక్కరే పడుకుంటారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. 27 డిగ్రీల కంటే తగ్గితే దుప్పటి కప్పుకున్నా వణుకుతారు. అక్కా బావా పిల్లలూ పై అంతస్తులో ఉంటారు. మీరు కింద ఒక 5.5 టన్నుల డక్టబుల్ ఏసీ, పైన ఇంకొకటి పెట్టించారు. ఒక్కోటి సీలింగులో దాచిన గాలి గొట్టాల (డక్టుల) ద్వారా ఆ అంతస్తంతటికీ చల్లగాలి పంపుతుంది. ఏసీల లెక్కలో టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని బయటికి తోడెయ్యడం. మామూలు పడకగదికి ఒక టన్ను, ఎండ బాగా తగిలే గదైతే టన్నున్నర చాలు. ఇప్పుడా పెద్దావిడ ఒక్క గది కోసం హాలు, డైనింగు, మెట్ల దారి అన్నిటినీ చల్లబరిచే యంత్రం తిరగాలి. పైగా థర్మోస్టాట్ హాల్లో ఉంది. హాలు చల్లబడేదాకా మిషను ఆగదు, ఆవిడ గదిలో చలి ఎంతుందో దానికి తెలిసే దారి లేదు. చివరికి ఆవిడ గ్రిల్లుకి అట్టముక్క అడ్డం పెట్టించుకుని ఫ్యాను కింద పడుకుంటున్నారు. లక్షలు పోసిన ఇంట్లో పెద్దవాళ్లకి దక్కింది అదీ.

గ్రిల్లు మూసేస్తే కరెంటు ఆదా అవుతుందని చాలామంది అనుకుంటారు. అవదు. బ్లోయరు ఆ గాలిని మిగిలిన దారుల్లోంచే తోయాలి కాబట్టి డక్టులో ఒత్తిడి పెరుగుతుంది, అతుకుల దగ్గర గాలి పోతుంది. కాయిల్ మీదుగా పోయే గాలి మరీ తగ్గితే మంచు కూడా కడుతుంది. తలుపు మూసినా ఇబ్బందే. మీరు రిటర్న్ గ్రిల్లు హాల్లో ఒక్కటే పెట్టారు. పడకగది తలుపు వేసుకుంటే లోపలికొచ్చిన గాలికి తిరుగుదారి ఉండదు, దాంతో వచ్చే గాలీ తగ్గిపోతుంది. రాత్రుళ్లు తలుపులు తెరుచుకుని పడుకోండని ఏ సంసారానికి చెబుతారు?

గదికో మోటారు డాంపరు (డక్టులో గాలిని తెరిచి మూసే పలక), గదికో థర్మోస్టాట్ పెడితే ఈ బాధ చాలావరకు తీరుతుందని నాకూ తెలుసు. మీ మొదటి ఎస్టిమేటులో ఆ లైను ఉంది. ఖర్చు కొంచెం తగ్గించమనగానే మీరు కొట్టేసింది దాన్నే. ఇటాలియన్ మార్బుల్ జోలికి పోలేదు.

అమెరికాలో అన్నీ సెంట్రలే కదా అన్నారు. డాలస్‌లో మా బంధువుల ఇళ్లు అలాగే ఉంటాయి, నిజమే. అక్కడ అది ఎందుకు కుదిరిందో కూడా చూడాలి. చలికాలంలో ఇల్లంతా వెచ్చగా ఉంచే ఫర్నేసు కోసం అక్కడ డక్టులు ఎలాగూ వేస్తారు, ఎండాకాలంలో చల్లగాలి ఆ దారినే పోతుంది. గోడలు చెక్క చట్రంతో కట్టి మధ్యలో ఇన్సులేషన్ నింపుతారు. అంత చేసినా నష్టం తప్పడం లేదు. సందుల్లోంచి, సరిగ్గా కలవని అతుకుల్లోంచి మామూలు ఇంటి డక్టుల్లో గాలి 20 నుంచి 30 శాతం దాకా వృథా అవుతుందని అక్కడి ప్రభుత్వ కార్యక్రమం ఎనర్జీ స్టారే చెబుతోంది. మనకి చలికాలం కోసం డక్టు అక్కర్లేదు. గోడ ఇటుకది, పైన ఆర్‌సీసీ స్లాబు. మే నెలలో పగలంతా కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. పై అంతస్తులో మీరు జీఐ డక్టుని సరిగ్గా ఆ స్లాబుకీ ఫాల్స్ సీలింగుకీ మధ్య నడిపించారు. ఒంపు తిరిగే చోట ఇన్సులేషన్ ఊడి వేలాడుతోందని, చెమ్మ మరక కనిపించి సీలింగు కోశాక గానీ తెలియలేదు.

ఆ దేశంలో ఈ పని సక్రమంగా చేసేవాళ్లు ముందు మాన్యువల్ జె అనే పద్ధతిలో గదిగదికీ వేడి లెక్క కడతారు. ఆ లెక్కని బట్టి మాన్యువల్ డి ప్రకారం డక్టు కొలతలు తేలుస్తారు. మీరు అమెరికా పేరు తెచ్చారు గానీ ఆ లెక్క తేలేదు. చదరపు అడుగులు చూసి టన్నులు రాసేశారు. పడమటి గోడకి మీరే పెట్టించిన నిలువెత్తు అద్దం ఆ లెక్కలో ఎక్కడుంది?

వంటగది సంగతైనా ఊహించాల్సింది. ఓపెన్ కిచెన్, దానికి ఎదురుగా రిటర్న్ గ్రిల్లు. ఎండుమిర్చీ ఇంగువా వేసి పోపు పెడితే ఆ ఘాటంతా గ్రిల్లు లాగేసుకుని కింది గదులన్నిటికీ పంచిపెడుతుంది. టెక్సాస్‌లో మనవాళ్లు కొనుక్కునే కొత్త ఇళ్లలో తలుపు వేసుకునే రెండో వంటగది ఒకటి విడిగా ఉండడానికి ఈ ఘాటూ ఒక కారణమే.

డక్టు అసలు పనికిరాదని నేననడం లేదు. ఫంక్షన్ హాలుకి, సినిమా హాలుకి అదే కావాలి. రెండంతస్తుల ఎత్తున్న పెద్ద హాలుకి గోడ ఏసీ చాలదు. మంచి ఫిల్టరు పెట్టడం, బయటి తాజా గాలిని కొంత కలపడం డక్టులో సులువు. గోడకి బిగించే స్ప్లిట్ ఏసీ తానున్న గదిలో గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది, అందుకే రోజూ కాసేపు కిటికీలు తెరవాలి. ఇల్లంతా మనుషులతో నిండి పగలూ రాత్రీ అన్ని గదులూ వాడేవాళ్లకి సెంట్రల్ ఆలోచించదగ్గదే.

మన ఇళ్లు ఎక్కువగా అలా నడవవు. పగలు హాల్లో ఫ్యాను, మధ్యాహ్నం ఒక గదిలో ఏసీ, రాత్రి రెండు మూడు గదుల్లో. ఒకరికి 24, ఇంకొకరికి 28. గదికో రిమోటు ఉంటేనే ఇది కుదురుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని మన దేశంలో నిబంధన పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని అధికారుల అంచనా. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కరెంటు బిల్లు స్లాబుల మీద నడుస్తుంది, వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర పెరుగుతుంది. ఖాళీ హాలుని చల్లబరిచిన యూనిట్లు ఆ పై స్లాబులోనే పడతాయి. ఇక రిపేరు మాట. నడి వేసవిలో కింది మిషను బోర్డు పోయింది, మెకానిక్కు వెంటనే దొరకలేదు, కింది అంతస్తంతా ఉడికిపోయింది. స్ప్లిట్లున్న ఇంట్లో ఒక గదిది పాడైతే ఆ రాత్రికి పక్క గదిలో పరుపు వేసుకుంటారు.

గోడ మీద తెల్లటి డబ్బా కనిపిస్తే మీకు బాధ అన్నారు. దానికీ దారులున్నాయి. సీలింగులో ఇమిడే క్యాసెట్లున్నాయి. బయట గోడ నిండా ఔట్‌డోర్లు వద్దనుకుంటే, ఒకే ఔట్‌డోర్‌కి చాలా ఇండోర్ యూనిట్లు కలిపే వీఆర్‌వీ పద్ధతిని జపాన్‌లో డైకిన్ 1982లోనే తెచ్చింది. నిజానికి స్ప్లిట్లు పెట్టే ఇంట్లోనే మీ పనితనం ఎక్కువ అవసరం. ప్లాస్టరింగుకి ముందే కాపర్ పైపులు గోడలో వేయించి, నైట్రోజన్ నింపి, ఒత్తిడి నిలుస్తోందో లేదో చూడాలి. డ్రెయిన్ పైపుకి వాటం సరిగ్గా ఇవ్వాలి. లేకపోతే నీళ్లు వెనక్కొచ్చి వార్డ్‌రోబు చెక్క ఉబ్బుతుంది. ఔట్‌డోర్లని ఇరుకు షాఫ్టులో ఎదురెదురుగా బిగిస్తే ఒకటి వదిలిన వేడి ఇంకొకటి పీల్చుకుంటుంది, రెండూ చల్లబరచలేక కరెంటు తాగుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, వాటి దగ్గరికి మనిషి వెళ్లగలగాలి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ యూనిట్లు కిటికీ అవతల ఇనప స్టాండు మీద గాల్లో ఉంటాయి. గ్యాసు నింపడానికి వచ్చిన కుర్రాడు సన్‌షేడ్ మీద ఒక కాలు పెట్టి, కిటికీ ఊచ పట్టుకుని పనిచేస్తుంటే చూసేవాళ్లకే గుండె ఆగినంత పనవుతుంది. నిలబడడానికి రెండడుగుల చోటు, చుట్టూ రెయిలింగు మీ ప్లానులోనే ఉంటే ఆ కుర్రాడు భద్రంగా ఇంటికి వెళ్తాడు. బయటి గోడ అందం పేరుతో దాన్ని తీసేయకండి.

రేపు ఇంకో ఇంటికి బొమ్మ గీసేముందు ఆ ఇంటి పెద్దావిడతో కూర్చోండి. ఎవరు ఎక్కడ పడుకుంటారో, ఏ వేళకి ఏ గది వాడతారో, ఎవరికి చలి పడదో రాసుకోండి. గదిగదికీ వేడి లెక్క కట్టించి, సంతకం పెట్టి ఇవ్వండి. ఆ తర్వాత కూడా డక్టే సరైనదని తేలితే, డాంపర్లు, రిటర్న్ దారులు, శుభ్రం చేసుకునే తలుపులతో సహా వేయండి.

ఇల్లు కట్టుకుంటున్నవారికి కూడా ఇదే మనవి: ఆ లెక్క కాగితం చేతికి వచ్చేదాకా ఏసీకి అడ్వాన్సు ఇవ్వకండి.